నున్నటి రేడియో

మా అమ్మకు 78 ఏళ్లు. తెల్లవారుజామునే లేచి, దీపమైనా వేయకుండా రేడియో తిప్పి భక్తిరంజని వినటం ఆమెకు ఏనాటినుంచో అలవాటు. ఆ పాత రేడియోకు ముందువైపు రెండు పెద్ద నాబులుండేవి. ఎడమది శబ్దానికి, కుడిది స్టేషనుకు. కళ్లలో శుక్లాలు ముదిరిన రోజుల్లో కూడా ఆమెకు వాటితో ఇబ్బంది కలగలేదు. చెయ్యి చాస్తే నాబు అందేది, టక్కుమని చప్పుడయ్యేది, పాట వినబడేది.

కిందటేడు అది మూలపడ్డది. నేను బజారంతా తిరిగి, ఏరి ఏరి కొత్తది కొన్నాను. నల్లని అద్దంలాంటి ముఖం. ఒక్క మీట లేదు, ఒక్క గీత లేదు. వేలు తాకిస్తే లోపలినుంచి చిన్నచిన్న గుర్తులు వెలుగుతాయి. ఇంటికి వచ్చినవారల్లా మెచ్చుకున్నారు. నా అభిరుచికి నేనే మురిసిపోయాను.

నెల తిరిగేసరికి, తెల్లవారుజామున పాట వినబడటం లేదని గమనించాను. "రేడియో పెట్టడం మానేశావేమమ్మా?" అని అడిగితే, "అన్నీ విన్నవేగా నాయనా" అన్నది. నేను నమ్మాను. అదీ నా తెలివి! ఒకనాడు మంచినీళ్లకని లేచి చూద్దును గదా, ఆమె చీకట్లో ఆ అద్దం మీద వేళ్లు పెట్టి తడుముతున్నది. ఎక్కడో తాకితే అది పెద్దగా అరిచి అందరి నిద్రా పాడుచేస్తుందేమోనని, చెయ్యి వెనక్కు తీసుకున్నది. కొడుకు ముచ్చటపడి తెచ్చిన వస్తువును బాగాలేదనలేక, తన పాటనే వదులుకున్నదన్నమాట.

అప్పటినుంచి నాకు ఈ నున్నదనం మీద అనుమానం పట్టుకున్నది. అసలు ఈ నిరాడంబర రూపాన్ని ప్రపంచానికి నేర్పినవారిలో ముందువరుసలో ఉన్నవారు ఏం చేశారా అని చూశాను. జర్మనీలో బ్రౌన్ కంపెనీవారు 1956లో ఎస్.కె. 4 అనే రేడియో-గ్రామఫోను తెచ్చారు. అంతకుముందు అక్కడ రేడియో అంటే బీరువాకు తమ్ముడు: ముదురురంగు కర్ర, బంగారు అంచులు, ముందు గుడ్డతెర. హాన్స్ గుగెలోట్, డీటర్ రామ్స్ అనే రూపశిల్పులు ఆ హంగంతా తీసేశారు. తెల్లని రేకు పెట్టె, రెండు పక్కలా లేతరంగు కర్రపలకలు, పైన అద్దంలాంటి ప్లాస్టిక్ మూత, అంతే. ఆ మూతైనా షోకుకు పెట్టింది కాదు. రేకుమూత పెట్టిచూస్తే పాట మోగేటప్పుడు అదిరి చప్పుడు చేసిందట! జనం వేళాకోళంగా దానికి 'స్నోవైట్ శవపేటిక' అని పేరు పెట్టారు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. నగిషీలు పోయినవి గాని నాబులు పోలేదు. రికార్డు తిరిగే పళ్లెం పక్కనే, చేతికి అందేటట్లు పొందికగా అమర్చారు. అదే కంపెనీవారు 1987లో తెచ్చిన ఇ.టి. 66 అనే లెక్కల యంత్రం చూడండి. మీటలు వేలికి తెలిసేటట్లు ఉబ్బెత్తుగా ఉంటవి. అన్నిటిలోకీ ఎక్కువగా కావలసిన 'సమానం' మీట మట్టుకు పసుపుపచ్చ. వారు తీసేసింది కంటికి అడ్డమైనదాన్ని, చేతికి ఆధారమైనదాన్ని కాదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు తోచిన పోలిక చెబుతాను. 'అన్నం' అనే మాటలో ఒత్తు తీసేస్తే పంక్తి ఎంతో శుభ్రంగా కనబడుతుంది. కాని అన్నం మాత్రం మిగలదు!

మీటలెన్ని ఉంటే అంత మంచిదని నా వాదం కాదు. టెలివిజను రిమోటు మీద బారులుతీరిన మీటల్లో మనం రోజూ నొక్కేవి నాలుగైదు. మిగతావి దాచినా దోషం లేదు. నున్నటి ముఖంలో సందులుండవు, తుడుచుకోవటం సులువు, అదీ నిజమే. అయితే, రోజూ కావలసిన మీటను తీసేసినంతమాత్రాన ఆ పని మాయమైపోదు. అది మన జ్ఞాపకం మీదా, కంటిచూపు మీదా పడుతుంది. ఆ రెండూ తగ్గినవారి మీద మరీ బరువుగా పడుతుంది.

పెద్ద పెద్ద కంపెనీలే ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నవి. ఆపిల్‌వారు 2015లో తమ టెలివిజను పెట్టెకు నాజూకైన నల్లని రిమోటు ఇచ్చారు. చీకట్లో పట్టుకుంటే ఏది తలో, ఏది తోకో తెలిసేది కాదు. 2017లో ఒక మీట చుట్టూ ఉబ్బెత్తుగా తెల్లని వలయం చేర్చారు. 2021లో ఆ రిమోటునే మార్చి, చేతికి స్పష్టంగా తెలిసే మీటలు పెట్టారు.

ఆ వలయం సంగతి తెలియకుండానే మా అమ్మాయి ఆ పనే చేసింది. తన బొట్టుబిళ్లలు మూడు తెచ్చి, రేడియో పెట్టేచోట పెద్దది, శబ్దం పెంచేచోట, తగ్గించేచోట చిన్నవి అంటించింది. "బామ్మా, వేలితో చూడు!" అన్నది. మర్నాడు భక్తిరంజని వినబడింది.

ఇప్పుడు ఆ నల్లని అద్దం అందం చెడిందని ఒక మిత్రుడు విచారించాడు. ఆయనకు నేను చెప్పిందే మీకూ మనవిచేస్తాను. ఈసారి ఇట్లాంటి వస్తువు కొనబోయేటప్పుడు, దాన్ని ఎక్కువగా వాడేవారిని వెంటబెట్టుకు వెళ్లండి. దుకాణంలోనే కళ్లు మూసుకుని, దాన్ని పెట్టి, శబ్దం తగ్గించి, ఆపి చూడమనండి. దుకాణంవాడు నవ్వితే నవ్వనివ్వండి.