పలక స్థానంలో కంప్యూటరు

బడిలో ఒక గదినిండా కంప్యూటర్లు అమర్చి, వారానికి ఒకటి రెండు పీరియడ్లు పిల్లలను అక్కడికి తీసుకుపోయే పద్ధతికీ, ప్రతి విద్యార్థికీ ఒక చిన్న కంప్యూటరు ఇచ్చి పుస్తకాల సంచిలోనే పెట్టుకొమ్మనే పద్ధతికీ ఉన్న తేడా యంత్రాల సంఖ్యలో మాత్రమే లేదు. మొదటి పద్ధతిలో కంప్యూటరు నేర్చుకోవలసిన ఒక పాఠం. రెండోదానిలో అది పలక, బలపం వంటి పనిముట్టు. ఈ రెండో ఆలోచనకు అమెరికా శాస్త్రజ్ఞుడు అలన్ కే 1972లోనే 'డైనాబుక్' అన్న పేరుతో రూపకల్పన చేసినా, అంత చిన్న యంత్రాన్ని తయారుచేసే పరిజ్ఞానం అప్పటికి లేకపోవడంతో అది కాగితం మీదే మిగిలిపోయింది. పిల్లలు ఇతరులు చెప్పింది విని నేర్చుకునేదానికన్నా తామే ఏదో ఒకటి తయారుచేస్తూ నేర్చుకునేది ఎక్కువని వాదించిన సేమూర్ పాపర్ట్ ఈ ఆలోచనకు విద్యాసిద్ధాంతపు పునాది వేశాడు.

ఆ పునాది మీద 2005లో నికొలస్ నెగ్రొపాంటే 'వన్ ల్యాప్‌టాప్ పర్ చైల్డ్' పథకాన్ని ప్రకటించి, పేద దేశాల పిల్లలకు 100 డాలర్లకే ల్యాప్‌టాప్ అందిస్తామని మాట ఇచ్చాడు. 2007 చివర పెద్దఎత్తున తయారీ మొదలైన ఆ 'ఎక్స్‌ఓ' యంత్రం ఇంజనీరింగు పరంగా మెచ్చుకోదగినదే: దుమ్ము, తడి లోపలికి పోకుండా రబ్బరు తొడుగు వేసిన కీబోర్డు, మండుటెండలోనూ అక్షరాలు కనిపించే తెర, ఇంటర్నెట్ లేకపోయినా దగ్గరదగ్గరగా ఉన్న యంత్రాలు తమలో తాము అనుసంధానమై సమాచారం పంచుకునే 'మెష్' ఏర్పాటు అందులో ఉన్నాయి. ధర మాత్రం 100 డాలర్లకు దిగలేదు సరికదా, దాదాపు రెట్టింపయింది. 2006లోనే భారత ప్రభుత్వం ఈ పథకంలో చేరడానికి నిరాకరించింది. బోధన పరంగా దాని ప్రయోజనం అనుమానాస్పదమని అప్పటి విద్యాశాఖ అధికారులు వ్యక్తం చేసిన సందేహం తర్వాతి అనుభవాన్ని బట్టి చూస్తే నిరాధారమైనది కాదు.

ఆ అనుభవం ప్రధానంగా పెరూ దేశానిది. అక్కడి ప్రభుత్వం 8 లక్షలకు పైగా యంత్రాలు కొని, వాటిలో చాలావాటిని మారుమూల పల్లెల బడులకు పంపింది. ఇంటర్-అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు ఆర్థికవేత్తలు 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించి 2012లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పథకం అమలైన బడుల్లో తలకు ఒకటికి మించి కంప్యూటర్లు చేరినా, గణితంలో గానీ భాషలో గానీ మార్కులు పెరగలేదు. తర్కశక్తిని కొలిచే పరీక్షల్లో కొంత మెరుగుదల కనిపించిన మాట నిజమే. కానీ ప్రతి యంత్రంలోనూ దాదాపు 200 పుస్తకాలు నింపి ఇచ్చినా పిల్లల చదివే అలవాటు మారలేదన్న విషయం ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఆ బడుల్లో చాలాచోట్ల ఇంటర్నెట్ లేదు. యంత్రాన్ని పాఠంలో ఎలా కలుపుకోవాలో ఉపాధ్యాయులకు దొరికిన శిక్షణ బహుకొద్ది. ఎందరో పిల్లలు దానిని ఇంటికి తీసుకువెళ్లనే లేదు. వంటపాత్రలు పంచి, బియ్యమూ పొయ్యీ మరిచిపోయిన వితరణ ఇది.

అదే యంత్రాన్ని ఉరుగ్వే వేరే విధంగా వాడుకుంది. దాదాపు 34 లక్షల జనాభా గల ఆ చిన్న దేశం 2007 మే నెలలో విల్యా కార్దాల్ అనే ఊళ్లో 'ప్లాన్ సెయిబాల్' పథకాన్ని మొదలుపెట్టి, 2009 అక్టోబరు నాటికి ప్రభుత్వ ప్రాథమిక బడుల విద్యార్థులందరికీ ల్యాప్‌టాప్‌లు చేర్చింది; వాటితోపాటు బడులకు ఇంటర్నెట్‌ను కల్పించి, చెడిపోయినవాటిని బాగుచేసే బాధ్యతనూ నెత్తిన వేసుకుంది. ఇంత చేసినా మొదటి ఏళ్లలో అక్కడ కూడా గణితంలో, చదవడంలో ఫలితాలు మెరుగుపడలేదని తర్వాతి పరిశోధకులు తేల్చారు. యంత్రం దానంతట అదే చదువు చెప్పదన్న సంగతికి ఇంతకంటే నిష్పక్షపాతమైన సాక్ష్యం దొరకదు. అయితే ఉరుగ్వే అక్కడితో ఆగకుండా, ఇంగ్లిషు ఉపాధ్యాయుల కొరత ఉన్న బడులకు 2012 నుంచి విదేశాల్లోని ఉపాధ్యాయుల చేత వీడియో ద్వారా పాఠాలు చెప్పించడం మొదలుపెట్టింది. విద్యార్థి స్థాయిని బట్టి లెక్కలు ఇచ్చే వేదికనూ ప్రవేశపెట్టింది. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడినప్పుడు ఆ ఏర్పాట్లన్నీ సిద్ధంగా ఉండటం ఆ దేశానికి కలిసివచ్చింది.

మన దేశంలో తమిళనాడు 2011లో ఉచిత ల్యాప్‌టాప్‌ల పంపిణీ ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టి, ఉపాధ్యాయులతో కలిపి 5 లక్షల మందికి పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. ఇంటర్నెట్ లేకున్నా పనిచేసేలా పాఠాలను ముందే అందులో నింపడం పెరూ పల్లెల్లో ఎదురైన ఇబ్బందికి కొంతవరకు జవాబే. అయితే ఆ పాఠాలు సమకూర్చిన బైజూస్ సంస్థపై 2024లో దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠ్యప్రణాళిక మారినప్పుడు ట్యాబ్‌లోని పాఠాన్ని మార్చేదెవరన్న ప్రశ్న దానితో మరింత పదునెక్కింది.

ట్యాబ్ ఇచ్చినవారు ఏ పార్టీవారన్న చర్చకు మనవద్ద ఉన్నంత ఆసక్తి, రెండో ఏడాది దాని బ్యాటరీ సంగతి ఏమిటన్న చర్చకు లేదు. ఇకముందు ఏ ప్రభుత్వమైనా ఇటువంటి పథకాన్ని తలపెడితే, యంత్రాల ధరతో పాటు ఐదేళ్ల మరమ్మతు ఖర్చునూ, ఉపాధ్యాయుల శిక్షణ ఖర్చునూ, పాఠాలను ఏటా సవరించే బాధ్యత ఎవరిదో ఆ వివరాన్నీ టెండరు పత్రంలోనే చేర్చాలి. తల్లిదండ్రులు పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశాల్లో ఆ లెక్క అడగాలి.