దైవప్రేమ – సంఘ పరిపక్వత: ఏలూరు, కొల్లేరు ప్రాంత క్రైస్తవ సంఘాల నేపథ్యంలో ఒక పరిశీలన

క్రైస్తవ వేదాంతంలో ఆధ్యాత్మిక ఎదుగుదల కేవలం వ్యక్తిగత సాధన కాదు. అది సంఘజీవిత లక్షణం. ఎఫెసీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు సంఘాన్ని శరీరంతో పోల్చి, దాని అవయవాలు ఒకదానితో ఒకటి అతుక్కొని ప్రేమలో పెరుగుతాయంటాడు. కనుక ఒక సంఘం ఎంత ఎదిగిందో తెలియాలంటే దాని సభ్యుల మధ్య సంబంధాన్ని పరిశీలించాలి. ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం పరిసరాల సంఘచరిత్రను ఈ దృష్టితో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరిభాష. గ్రీకు మూలంలోని ‘తెలెయొస్’ అనే పదానికి తెలుగు బైబిలు ఒకే మాట వాడలేదు. ఎఫెసీ పత్రికలో (4:13) ‘సంపూర్ణ పురుషులు’, మొదటి కొరింథీ పత్రికలో (14:20) ‘పెద్దవారలు’, హెబ్రీ పత్రికలో (5:14) ‘వయస్సు వచ్చినవారు’ అని ఉంది. మూడోది పల్లె వాడుకకు దగ్గరి మాట. అలాగే ‘ఒయికొదొమె’ అంటే మూలంలో ఇల్లు కట్టడం. తెలుగు అనువాదకులు దానిని ‘క్షేమాభివృద్ధి’ అన్నారు. కట్టడపు ఉపమానం పోయినా, క్షేమం అనే భావం వచ్చి చేరింది. అనువాదంలో లాభం కూడా ఉంటుందనడానికి ఇదొక మంచి ఉదాహరణ.

నరసాపురం ప్రాంతంలో 1836 నుంచి బౌడెన్, బీర్ అనే బ్రదరెన్ మిషనరీలు పనిచేశారు. ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం 1854లో మొదలైంది. ఆ తరం మిషనరీల త్యాగాన్ని ఎవరూ కాదనలేరు. అయితే త్యాగం, ప్రేమ ఒకటేనా? ఈ ప్రశ్నను 1910లో ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభ ముందు ఉంచినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874–1945). తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయన 1909లో దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని పనిచేస్తున్నారు. మిషనరీలు ఆస్తినీ ప్రాణాన్నీ అర్పించారని అంగీకరిస్తూనే, తమకు కావలసింది ప్రేమ అనీ, స్నేహితులను ఇవ్వమనీ ఆయన కోరారు. మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయం ప్రకారం ప్రేమ లేనప్పుడు ఆ రెండు అర్పణలూ వ్యర్థమే. అజరయ్య అంతవరకు చెప్పలేదు. ఆ అధ్యాయం తెలిసిన సభకు చెప్పనవసరమూ లేదు.

1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పు అయ్యారు. తరువాత విస్తరించిన దోర్నకల్ డయోసీసులో కృష్ణా తీరపు మిషనరీ సొసైటీ సంఘాలు కూడా చేరాయి. అప్పుడు అదే ప్రశ్న తెలుగు సంఘం వైపు తిరిగింది. ఈ సొసైటీ సంఘాలలో ఎక్కువమంది మాలలు. ఒంగోలు బాప్టిస్టు సంఘాలలో ఎక్కువమంది మాదిగలు. ఒంగోలు మిషన్‌లో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం చరిత్రకెక్కింది. కానీ పేటలు వేరుగా ఉన్నచోట ప్రార్థనా మందిరాలు కూడా వేరుగానే వెలిశాయి. సంఘంలో కులభేదం ఉండరాదని అజరయ్య గట్టిగా వాదించారు. దానిని విశ్వాసానికి సంబంధించిన విషయంగానే ఆయన చూశారు.

కొరింథు సంఘంలోనూ తగవు భోజనం దగ్గరే వచ్చింది. కలిగినవారు ముందే తినేవారు, లేనివారు ఆకలితో ఉండేవారు. ఆ మందలింపు 11వ అధ్యాయంలో ఉంది. పెళ్లిళ్లలో మనం వినే 13వ అధ్యాయాన్ని ఆ తగవుల నుంచి వేరుచేసి చదివితే అందులోని కాఠిన్యం కనిపించదు.

నేడు కొల్లేరు పల్లెల నుంచి మెట్ట గ్రామాల వరకు సి.ఎస్.ఐ., లూథరన్, బ్రదరెన్, పెంతెకొస్తు, కతోలిక సంఘాలు ఉన్నాయి. స్వస్థత కూటాలకు వచ్చే జనసంఖ్యను ఎదుగుదలగా లెక్కించే ధోరణి కొన్నిచోట్ల బలంగా ఉంది. ఈ వ్యాసకర్త దృష్టిలో పరిశోధకులకు అంతకన్నా నమ్మకమైన ఆధారం సంఘాల వివాహ రిజిస్టర్లు. ఒకే పాత్రలోని రసాన్ని పంచుకొనేవారు పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నారా, ఏ దశాబ్దం నుంచి, ఏ సంఘాలలో అన్నది వాటిలోని కుటుంబాల పేర్ల వెంట వెళ్లి గుర్తించవలసి ఉంది.