లువాలో చుక్క, కోలన్

లువా 1993లో బ్రెజిల్‌లో పుట్టిన చిన్న స్క్రిప్టింగ్ భాష. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ యాడాన్‌లు దీనిలోనే రాస్తారు. ఆటలో వీరుడికి 10 పాయింట్ల దెబ్బ తగలాలంటే ‘వీరుడు:దెబ్బ(10)’ అన్న పద్ధతిలో రాస్తారు. బ్రాకెట్లలో కనిపించేది 10 ఒక్కటే. కానీ కోలన్ ఉంది కాబట్టి లువా వీరుణ్ణి కూడా మొదటి ఆర్గ్యుమెంట్‌గా లోపలికి పంపుతుంది. ఫంక్షన్‌ను కూడా కోలన్‌తోనే నిర్వచిస్తే, అక్కడ అతను ‘సెల్ఫ్’ అనే పేరుతో అందుతాడు. ఎవరి ప్రాణం తగ్గించాలో ఫంక్షన్‌కు తెలిసేది దానివల్లే. అదే పని చుక్కతో చేయాలంటే ‘వీరుడు.దెబ్బ(వీరుడు, 10)’ అని విడమరచి రాయాలి.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. కోలన్ బదులు చుక్క పెట్టి ఊరుకుంటే 10 వెళ్లి సెల్ఫ్ స్థానంలో కూర్చుంటుంది. దెబ్బ ఎంతో చెప్పాల్సిన చోట నిల్ మిగులుతుంది. అంకెలో ప్రాణం వెతకబోయిన లువా ఎర్రర్ చూపి ఆగిపోతుంది. ఫంక్షన్ సెల్ఫ్‌ను అసలు ముట్టుకోకపోతే ఆ ఎర్రర్ కూడా రాదు, తప్పుడు విలువతోనే ఆట సాగిపోవచ్చు.