కారు సీటు లెక్క తప్పినప్పుడు

ఒకే కారును ఇంటిలో ఇద్దరు నడుపుచున్నచో సీటు విషయమున చిన్న తగవు తప్పదు. పొడగరి దిగిన తరువాత పొట్టివారు ఎక్కినచో కాలు బ్రేకును సరిగా అందుకొనదు. పొట్టివారు దిగిన తరువాత పొడగరి ఎక్కినచో మోకాళ్లు ముందుకు తగులును. ఈ చిక్కు తీర్చుటకే కొన్ని కార్లలో మెమొరీ సీటు అమర్చుచున్నారు. తలుపు దగ్గర 1, 2 అను అంకెలు గల బొత్తాములుండును. ఎవరికి వారు సీటును తమకు అనువుగా జరుపుకొని ఆ స్థానమును ఒక అంకె క్రింద దాచుకొందురు. మరునాడు ఆ బొత్తాము నొక్కినచో సీటు తనంతట తానే జరిగి అచ్చటికి వచ్చి ఆగును.

ఇది నిన్న మొన్న పుట్టిన వింత కాదు. 1957 లో అమెరికాలో వెలువడిన కాడిలాక్ ఎల్డొరాడో బ్రోహమ్ కారులోనే ఇట్టి సీటు ఉండెను. అదే సంవత్సరపు మెర్క్యురీ టర్న్‌పైక్ క్రూయిజరులో డయళ్లు త్రిప్పి 49 స్థానములలో ఏదో ఒక దానిని ఎన్నుకొనవచ్చును.

మా కళాశాలలో పనిచేయు మిత్రుడొకరు కొన్నేండ్లు వాడిన కారు నొకదానిని కొనిరి. ఆయన ఆరడుగుల మనిషి. వారి శ్రీమతి ఐదడుగులు దాటరు. ఉదయము ఆమె తాను పనిచేయు పాఠశాలకు, సాయంకాలము ఆయన ఊరిలోనికి ఆ కారులోనే వెళ్లుదురు. పదిరోజులు గడచునప్పటికి ఇంటిలో తగవు మొదలైనది. “నా సీటు నువ్వే కదుపుతున్నావు” అని ఆయన, “నా అంకె మీరే మార్చేశారు” అని ఆమె. ఇద్దరికిని సీటు ముందుకు వచ్చుచున్నది. చివరకు ఆమెకు స్టీరింగు చక్రము రొమ్మునకు మరీ దగ్గరైనది.

ఇది కేవలము సుఖమునకు సంబంధించిన సంగతి కాదు. చక్రము నడుమ మడిచి పెట్టిన గాలిసంచి ప్రమాద సమయమున రెప్పపాటులో ఉబ్బి పైకి వచ్చును. మనిషి మరీ దగ్గరగా కూర్చున్నచో రక్షింపవలసిన ఆ సంచియే గాయపరచగలదు. రొమ్ము ఎముకకును చక్రము నడిమికిని మధ్య కనీసము 10 అంగుళముల ఎడముండవలెనని అమెరికా రహదారి భద్రతా శాఖ వారు చెప్పుచున్నారు. అందువలన మా మిత్రుని ఇంటి తగవును కొంచెము శాస్త్రీయముగా తీర్పవలసి వచ్చినది.

సీటునకు తానెక్కడ ఉన్నదో ఎట్లు తెలియును? కొన్ని పాత సీట్లలో పొటెన్షియోమీటరును వాడిరి. ప్రయోగశాలలో విద్యార్థులు చూచినదే అది. సీటుతో పాటు ఒక జారుడు కొన నిరోధపు పట్టీపై కదలును. అచ్చటి వోల్టేజిని బట్టి స్థానము తెలియును. ఇందులో లెక్కించుట అనునది లేదు. కాని రాపిడి వలన పట్టీ అరిగినచోట సూచన తప్పిపోవును.

నేటి సీట్లలో చాల వాటికి మార్గము వేరు. సీటు క్రింద చిన్న మోటారు ఉండును. అది వర్మ్ గేరు ద్వారా ఒక పొడవైన మరకడ్డీని త్రిప్పగా సీటు పట్టాలపై జరుగును. మోటారు ఇరుసుపై చిన్న అయస్కాంతమును, దాని ప్రక్కన హాల్ సూచికను అమర్చుదురు. విద్యుత్తు ప్రవహించు పలుచని రేకునకు అడ్డముగా అయస్కాంత క్షేత్రమున్నచో రేకు రెండు అంచుల మధ్య స్వల్పమైన వోల్టేజి పుట్టునని 1879 లో ఎడ్విన్ హాల్ అమెరికాలో కనుగొనెను. ఇరుసు తిరుగుచున్నప్పుడు అయస్కాంత ధ్రువము సూచిక ముందునుండి పోయిన ప్రతిసారి ఒక విద్యుత్ స్పందము వెలువడును. సీటు క్రిందనున్న చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె ఆ స్పందములను లెక్కించును. బొత్తాము క్రింద దాగియున్నది స్థానము కాదు, ఒక సంఖ్య మాత్రమే.

ఈ తేడాను తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక విద్యార్థికి కళ్లకు గంతలు కట్టి, వరండా చివర గోడకు వీపు ఆనించి నిలుపుడు. “ఇరువది అడుగులు నడువు, ఎనిమిది వెనుకకు రా, మరల ఆరు ముందుకు పో” అని చెప్పుచుండుడు. లెక్క సరిగా ఉన్నంతవరకు తానెక్కడున్నదియు అతడు చెప్పగలడు. నడుమ ఒక అడుగు లెక్కింప మరచినచో ఆ తరువాత ఎంత జాగ్రత్తగా లెక్కించినను ఆ ఒక్క అడుగు తేడా వెంటనే ఉండును. తాను తప్పితినని కూడ అతనికి తెలియదు. దానిని దిద్దుకొనుటకు ఒకటే ఉపాయము: వెనుకకు వచ్చి గోడను తాకుట.

సీటు సంగతియు ఇంతే. పట్టాలపై అది మొత్తము 240 మిల్లీమీటర్లు జరుగుననియు, అందులకు 960 స్పందములు వచ్చుననియు అనుకొందము. ఒక్కొక్క స్పందమునకు 0.25 మి.మీ. ముందు కొన సున్న. ఆయన స్థానము 800, ఆమె స్థానము 320. ఆమె బొత్తాము నొక్కగా సీటు 480 స్పందములు ముందుకు రావలెను. దారిలో 12 స్పందములు లెక్కకు అందలేదనుకొనుడు. పెట్టె తన 480 పూర్తియగువరకు మోటారును త్రిప్పును. కాని నిజముగా జరిగినది 492. సీటు 3 మి.మీ. ఎక్కువగా ముందుకు వచ్చెను. సాయంకాలము ఆయన బొత్తాము నొక్కగా సరిగా 480 వెనుకకు పోవును. కనుక ఆయన సీటు కూడ 3 మి.మీ. ముందే ఆగును. దినమున కొకమారు ఇట్లు జరిగినచో పదిరోజులకు 3 సెంటీమీటర్లు! ఇద్దరి సీట్లును ఒకే వైపు, ఒకే మేర జరుగుట ఇందులోని కీలకము. దాచిన సంఖ్యలు చెడలేదు. లెక్క మొదలు పెట్టిన సున్నయే కదలినది.

దోషము ఏ రూపమున కనబడుచున్నదో ముందు చూచినచో సగము వెదకుట తప్పును. ఒకరి స్థానము మాత్రమే మారినచో ఆ అంకెపై ఎవరో క్రొత్త స్థానము దాచియుందురు, లేదా కారు తాళపుచెవిని బట్టి మనిషిని గుర్తించునదైనచో చెవులు తారుమారై యుండును. వీపుదిండు ఒక్కటే తప్పుచు మిగిలిన కదలికలు సరిగా ఉన్నచో ఆ మోటారు సూచికను, దాని తీగలను అనుమానింపవలెను. సీటు అంగుళమంత కదలి ఆగిపోవుచున్నచో స్పందములే రాకపోవుట కారణము కావచ్చును. లెక్క అందనప్పుడు ఆగుటయే క్షేమమని పెట్టె నిలిపివేయును. స్విచ్చితో జరిపినను అసలు కదలనిచో ఫ్యూజు, మోటారు చూడవలెను, మెమొరీని కాదు. గేరు వేసి బండి నడచుచున్నప్పుడు సీటు బొత్తామునకు లొంగనిచో అది దోషమే కాదు. చాల కార్లలో కావలెననియే అట్లు చేసినారు.

మరియొక చిత్రమైన దోషము కలదు. కొనకు తగిలి మోటారు తిరుగలేక నిలిచినప్పుడు “ఇదే గోడ” అని పెట్టె గ్రహించును. సీటు వెనుక పట్టాపై నీళ్ల సీసా అడ్డుపడినచో కొన్ని సీట్లు దానినే గోడ అనుకొనును! అందుచేత మొదట సీటు క్రింద చేయి పెట్టి చూచుట మేలు. కాని అంతకుముందు సీటు కదలకుండ కారును ఆపివేయవలెను.

ఒక ఆదివారము ఉదయము నేనును మా మిత్రుడును పట్టా ప్రక్కన మిల్లీమీటర్ల కాగితమును అంటించితిమి. సీటు చట్రముపై సుద్దతో ఒక గీత గీచితిమి. ఆయన అంకె, ఆమె అంకె మార్చి మార్చి పదిసార్లు నొక్కి గీత ఎక్కడ ఆగునో వ్రాసికొంటిమి. పదిసార్లును తేడా ఒక మిల్లీమీటరునకు లోపలనే! సీటునకు ఏ జబ్బును లేదని లేవబోవుచుండగా, కాఫీ తెచ్చిన ఆమె అంతయు చూచి, “నేను ఇలా ఊరికే కూర్చుని చూడనండీ. బొత్తాం నొక్కి వెంటనే బండి స్టార్టు చేస్తాను, బడికి టైమైపోతుంది” అనిరి.

మేము చేయని ప్రయోగము అదే. ఈసారి సీటు జరుగుచుండగా ఇంజను స్టార్టు చేసితిమి. స్టార్టరు తిరిగిన క్షణమున సీటు కొంచెము తడబడి మరల సాగినది. గీత 3 మి.మీ. ముందుకు ఆగినది. మరల చేయగా మరల అట్లే, ఎప్పుడును ముందుకే. యాదృచ్ఛిక దోషమైనచో కొన్నిసార్లు వెనుకకును పోవలెను గదా! బ్యాటరీ కొనలకు వోల్టుమీటరు తగిలించితిమి. ఊరక ఉన్నప్పుడు 12 వోల్టులకు పైగా చూపిన ముల్లు, స్టార్టరు తిరుగగనే 8 దగ్గరకు పడిపోయెను. మంచి బ్యాటరీ సామాన్యముగా 10 కి దిగువకు పోదు. వోల్టేజి అంత పడినప్పుడు సూచికయో, పెట్టెయో కొన్ని క్షణములు సరిగా పనిచేయలేదు. మోటారు మాత్రము అంతకుముందరి వేగముతో కొంత తిరిగినది. ఆ తిరుగుడు లెక్కలో చేరలేదు.

బ్యాటరీ పాతది, మార్పించిరి. తరువాత సీటును గోడకు తాకింపవలెను. అనగా స్విచ్చితో ముందు కొన వరకు, వెనుక కొన వరకు జరిపి, అచ్చట కొన్ని క్షణములు స్విచ్చిని పట్టియుండవలెను. ఈ పద్ధతి కారు కారుకును వేరు. కొన్నింటికి మరమ్మతుశాలలోని ప్రత్యేక యంత్రము కావలెను. కారుతో ఇచ్చిన పుస్తకము చూచియే చేయుట మంచిది. ఇద్దరును తమ స్థానములను మరల దాచుకొనిరి.

సీటు క్రింద తీగలు పరీక్షింప తలచువారికి ఒక మాట. అచ్చట పసుపుపచ్చని కూడలి కనబడినచో దానిని ముట్టరాదు. అది ప్రక్క గాలిసంచికి గాని, నడుము పట్టీని బిగించు సాధనమునకు గాని సంబంధించినది. దానికి నిరోధమాపకమును తగిలించినను పేలవచ్చును. ఆ పని శిక్షణ పొందిన మెకానిక్కునకే వదలవలెను.

క్రొత్త బ్యాటరీతో సీటు జరుగుచుండగా పదిసార్లు స్టార్టు చేసి చూచితిమి. గీత ప్రతిసారి తన చోటనే ఆగెను. అయినను ఆమె ఇప్పుడు సీటు నిలిచిన తరువాతనే బండి స్టార్టు చేయుచున్నారు. పట్టా ప్రక్కన అంటించిన కాగితమును మా మిత్రుడు ఇంకను తీయలేదు.