బయోడేటాలో ‘అనుభవం కలదు’ అంటే చాలదు

అమలాపురం: కోనసీమలో పని చేతగానివారు తక్కువ. చేసిన పనిని కాగితం మీద పెట్టడం తెలియనివారే ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినా, పని కోసం కువైట్, మస్కట్, దుబాయ్‌లకు, హైదరాబాదు, విశాఖపట్నాలకు వెళ్లేవారు వెళ్తూనే ఉన్నారు. వారికంటే ముందు అక్కడికి చేరేది బయోడేటా.

జిరాక్సు షాపులో ఉన్న పాత నమూనాలో పేరు, ఊరు మార్చి కొట్టించుకోవడం చాలామందికి అలవాటు. ‘ఎలక్ట్రికల్ పనిలో మూడేళ్ల అనుభవం కలదు’, ‘రొయ్యల చెరువు బాధ్యతలు చూచుట’ అని అందులో ఉంటుంది. చదివిన కంపెనీవారికి ఆ మనిషి ఏం చేశాడో బోధపడదు.

మన ఊళ్లలో ఏ పనికి ఆ మాట ఉంది. కొబ్బరితోటలో ఒకరు కాయ దింపుతారు, మరొకరు వలుస్తారు. బండారులంక మగ్గాల దగ్గర ఆసు పోస్తారు, అచ్చు అతుకుతారు, చీర నేస్తారు. అన్నిటినీ కలిపి ‘పని చేశాను’ అంటే పనితనం మరుగున పడుతుంది.

కనుక ‘చెరువు బాధ్యతలు’ అనే బదులు ‘ఆరెకరాల రొయ్యల చెరువుకు వేళకు మేత వేశాను, ఏరియేటర్లు నడిపాను, పాడైన మోటార్లు బాగుచేశాను’ అని రాయాలి. గల్ఫ్‌కు వెళ్లే మహిళ ‘ఇంటి పని’ అని ఊరుకోకుండా ‘ఇద్దరు పసిపిల్లలను చూసుకున్నాను, మంచం పట్టిన వృద్ధురాలికి వేళకు మందులు ఇచ్చాను’ అని రాయించుకోవచ్చు. జీతం మాట్లాడుకునే వేళ ఈ తేడా అక్కరకు వస్తుంది.

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ఇంగ్లీషు బయోడేటాలో ప్రతి వాక్యం క్రియతోనే మొదలుపెట్టడం ఆనవాయితీ. బాగుచేస్తే ‘రిపేర్డ్’, అమర్చితే ‘ఇన్‌స్టాల్డ్’, యంత్రం నడిపితే ‘ఆపరేటెడ్’, ఇతరులకు నేర్పితే ‘ట్రెయిన్డ్’ అని రాయాలి.

అయితే చేయని పనికి పెద్ద మాట తగిలించరాదు. పక్కన నిలబడి పానా అందించినవాడు ‘ఇన్‌స్టాల్డ్’ అని రాసుకుంటే, ట్రేడ్ టెస్టులో మిషను ముందు నిలబెట్టగానే గుట్టు బయటపడుతుంది. సాయం చేస్తే ‘అసిస్టెడ్’ అని రాయడంలో నామోషీ లేదు. ఇంగ్లీషు రానివారు ఏజెంటు రాసినదానిని తెలిసినవారి చేత చదివించుకుని, తాము చేసిన పనే అందులో ఉన్నదని రూఢి చేసుకున్నాకే సంతకం పెట్టాలి.

షాపుకు వెళ్లేముందు ఇంటి దగ్గరే ఒక తెల్లకాగితం మీద చేసిన పనులన్నీ మన మాటల్లో వరుసగా రాసుకుంటే, పాత నమూనాతో పని ఉండదు.