సంతృప్తి ఎవరికి చెప్పవలసిన మాట? – పౌలు నేర్చుకొనిన పాఠము, మన్నా, పిడికెడు బియ్యము

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 4:13 మన విశ్వాసుల ఇండ్లలో క్యాలెండర్ల మీదను, ఆటోల వెనుక అద్దముల మీదను, పరీక్షకు పోవు పిల్లల అట్టల మీదను కనబడు వచనము. దానికి ముందున్న రెండు వచనములు అంతగా కనబడవు. తనను బలపరచు క్రీస్తునందు సమస్తము చేయగలనని పౌలు చెప్పినప్పుడు ఆ ‘సమస్తము’లో ఏమి ఇమిడియున్నదో 11, 12 వచనములే తెలుపుచున్నవి. ఆకలి, కడుపు నిండుట, లేమి, సమృద్ధి – ఇవే ఆయన లెక్క. విజయము, ఉద్యోగము, విదేశీ వీసా ఆ లెక్కలో లేవు.

ఈ వచనమును ఐశ్వర్య సువార్తకు వాడుకొనుటను గూర్చి ఇప్పటికే చాలామంది వ్రాసియున్నారు. దానికి ఎదురు దిక్కున ఇంకొక దుర్వినియోగము కలదు. అది మన ప్రసంగ పీఠముల మీదనే జరుగుచున్నది గనుక మనము దానిని గూర్చి తక్కువగా మాట్లాడుచున్నాము. కూలి సరిగా ముట్టని వారితో, వడ్డీ కట్టలేక నలుగుచున్న వారితో ‘ఉన్నదానితో తృప్తిగా ఉండుడి’ అని చెప్పి ప్రార్థన చేసి పంపివేయుట. బైబిలు సంతృప్తిని బోధించుచున్నది, సందేహము లేదు. అయితే ఆ బోధ ఎవరి నోట, ఎవరి చెవికి వచ్చినదో గమనించవలసియున్నది.

మాటలు

ఫిలిప్పీ 4:11లో ‘సంతృప్తి కలిగి’ అని మనము చదువు చోట గ్రీకులో ‘ఔతార్కేస్’ అను మాట ఉన్నది. ‘ఔతోస్’ అనగా తాను; ‘అర్కెయో’ అనగా చాలుట. తనకు తానే చాలినవాడు అని దాని అక్షరార్థము. స్తోయికులకు ఇది ప్రియమైన మాట. జ్ఞానియైనవాడు బయటి వస్తువు మీదగాని మనుష్యుని మీదగాని ఆధారపడడని వారి బోధ. పౌలు కాలమునాటి స్తోయిక తత్త్వవేత్త సెనెకా, కొరింథులో పౌలు ఎవరి న్యాయపీఠము ఎదుట నిలువబడెనో ఆ గల్లియోనుకు (అపొ. కా. 18:12) స్వయాన తమ్ముడు. అంటే ఈ తలంపులు పౌలు తిరిగిన లోకములో ఎక్కడో దూరముగా ఉన్నవి కావు.

పౌలు ఆ మాటనే తీసికొని, రెండు వచనములు తిరుగకముందే దాని పునాదిని మార్చివేసెను. ఆయన చాలినవాడైనది తనయందు కాదు, తనను బలపరచువానియందు. ఇదే ‘అర్కెయో’ క్రియ 2 కొరింథీ 12:9లో ప్రభువు నోట వినబడుచున్నది. అక్కడ చాలునది కృప. మన తెలుగు ‘చాలు’ ఈ క్రియకు ఎంత చక్కగా అమరునో చెప్పనక్కరలేదు. భోజనపు పంక్తిలో వడ్డించువానికి చేయి అడ్డుపెట్టి మనము చెప్పు మాట అది.

మన తెలుగు బైబిలులో మరుగుపడిన సంగతి ఒకటి కలదు. 11, 12 వచనములు రెండింటిలోను మనకు నేర్చుకొనుట అను ఒకే క్రియ కనబడును. గ్రీకులో అవి రెండు వేరు మాటలు. మొదటిది శిష్యుడు గురువునొద్ద నేర్చుకొనుటకు వాడు సాధారణమైన మాట. రెండవది ‘మ్యుయెయో’, ఆనాటి రహస్య మతములలో దీక్ష ఇచ్చుటకు వాడిన క్రియ. క్రొత్త నిబంధన అంతటిలో అది ఇక్కడ ఒక్కచోటనే వచ్చుచున్నది. దీక్ష పుస్తకము చదివినందువలన రాదు; దానిలో ప్రవేశింపవలెను, దాని గుండా నడువవలెను. పౌలు దమస్కు మార్గమున మారుమనస్సు పొందిన దినముననే సంతృప్తి పొందెనని మనము తలంచనక్కరలేదు. ఆయన ఆకలిలోను నేర్చుకొనెను, కడుపు నిండినప్పుడును నేర్చుకొనెను. రెండవది మొదటిదానికంటె సులువని మనము అనుకొనుట పొరపాటు.

ఎవరితో చెప్పబడెను?

పౌలు ఇక్కడ తనను గూర్చి చెప్పుచున్నాడు. బంధకములలో ఉండి, ఎపఫ్రొదితు చేత వచ్చిన సహాయము అందుకొని, ‘నేను నేర్చుకొనియున్నాను’ అనుచున్నాడు. ‘మీరు నేర్చుకొనుడి’ అని ఫిలిప్పీయుల ఆకలిని గూర్చి చెప్పుటలేదు. 1 తిమోతి 6:6లో సంతుష్టితో కూడిన భక్తి గొప్ప లాభమని చెప్పుటకు ముందటి వచనము చూడుడి: అక్కడ గద్దింపు పొందుచున్నవారు దైవభక్తిని లాభసాధనముగా ఎంచిన బోధకులు. లూకా 3:14లో బాప్తిస్మమిచ్చు యోహాను జీతముతో తృప్తిపడుడని చెప్పినది చేతిలో ఆయుధమున్న సైనికులకు, అనగా బెదిరించి లాగుకొనగలిగిన వారికి. హెబ్రీ 13:5 సంఘమంతటికి వ్రాయబడినదే. అయినను అది సహోదరప్రేమ, ఆతిథ్యము, చెరలో ఉన్నవారిని జ్ఞాపకము చేసికొనుట అను ఆజ్ఞల వెంట వచ్చుచున్నది.

కూలి అందని పనివారి విషయమైతే యాకోబు 5:4 ఏమనుచున్నది? బిగబట్టబడిన కూలి తానే మొఱ్ఱపెట్టుచున్నదనియు, కోతవారి కేకలు ప్రభువు చెవిని చేరియున్నవనియు చెప్పుచున్నది. తృప్తిపడుడని వారికి ఒక్క మాటయైనను అక్కడ లేదు. ఇది కాపరుల విషయములోను వర్తించును. సంఘ కమిటీ పల్లె సువార్తికునికి నెలల తరబడి జీతము ఆపి సంతృప్తిని గూర్చి బోధించుట తగదు. 1 తిమోతి 5:18 అదే పత్రికలో ఉన్నది. ఆ సువార్తికుడు తనంతట తాను ‘చాలు’ అని చెప్పుకొనిన యెడల అది వేరు సంగతి.

మన్నా నేర్పిన సాధకము

అయితే ఈ దీక్షకు దినచర్య ఏది? నిర్గమకాండము 16వ అధ్యాయమును మించిన పాఠము మనకు దొరకదు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో కట్టినవి పీతోము, రామెసేసు; అవి ఫరోకు ధాన్యాదులు నిలువచేయు పట్టణములు (1:11). ఇతరుల గాదెలు నింపుచు బ్రదికిన జనము అరణ్యములోనికి వచ్చినప్పుడు దేవుడు మొదట నేర్పినది నిలువచేయకుండుట. తలకు ఒక ఓమెరు, ఏనాటి బత్తెము ఆనాటికే. ఆరవ దినమున మాత్రము రెండంతలు. ఉదయము వరకు దాచినది పురుగుపట్టెను. ఎక్కువ కూర్చుకొనినవానికి మిగులలేదు, తక్కువ కూర్చుకొనినవానికి తక్కువ కాలేదు. ఆ పాఠము నలువది సంవత్సరములు ప్రతి ఉదయము సాగెను. మత్తయి 6:11లో ప్రభువు నేర్పిన ప్రార్థనలో ‘అనుదిన’ అని మనము చదువు గ్రీకు మాట ‘ఎపియూసియోస్’ ఎంత అరుదైనదనగా, అది గ్రీకు రచయితల వాడుకలో లేదని ఓరిగెను ఆనాడే గుర్తించెను. ‘ఈ దినమునకు’, ‘రేపటికి’, ‘బ్రదుకుటకు కావలసిన’ అని అర్థములు చెప్పిరి. ఏది తీసికొనినను, సంవత్సరమునకు సరిపడు ధాన్యము ఆ ప్రార్థనలో అడుగబడలేదు.

పౌలు ఈ మన్నా వచనమును ఎక్కడ ఎత్తి చూపెనో గమనించినయెడల మన విషయమంతయు ఒకచోటికి వచ్చును. 2 కొరింథీ 8:15లో, యెరూషలేములోని పేదల కొరకు చందా పోగుచేయు సందర్భములో. అరణ్యములో మిగులు, కొదువ లేకుండ చేసినవాడు దేవుడు. కొరింథులో ఆ పని సంఘము చేతికి అప్పగింపబడెను. తరువాతి అధ్యాయములో (9:8) తెలుగులో ‘సర్వసమృద్ధి’ అని ఉన్నచోట గ్రీకులో ‘ఔతార్కెయియా’యే ఉన్నది. అది ఎందుకట? ప్రతి సత్కార్యము చేయుటకు. స్తోయికుడు తనకు చాలినవాడై ఇతరుని అక్కర లేనివాడగును. విశ్వాసి తనకు చాలినది గనుక ఇతరుని అక్కరను చూడగలవాడగును. ఈ చందాకు మాదిరిగా చూపబడినవారు మాసిదోనియ సంఘములు. నిరుపేదలైయుండియు ఇచ్చినవారు వారు, ఫిలిప్పీ కూడ ఆ మాసిదోనియలోనిదే. ‘నేర్చుకొనియున్నాను’ అను పత్రిక అందుకొనినది ఆ ఇచ్చు చేతులే.

మన పల్లె సంఘములలో స్త్రీలు ఎసరు పెట్టునప్పుడు కొలిచిన బియ్యములోనుండి పిడికెడు తీసి వేరు కుండలోనో డబ్బాలోనో వేయు అలవాటు కలదు. ఆదివారమున అది గుడికి వచ్చును. మిజోరాము సంఘములలో ‘బుహ్‌ఫాయి థామ్’ అను పేరుతో ఇదే అలవాటు ఆ సంఘముల సేవకు పెద్ద ఆధారమైనది. వేదాంత గ్రంథములలో దీనికి అధ్యాయము దొరకుట అరుదు. అయినను ఇందులో మూడును ఉన్నవి. పిడికెడు తగ్గినను మిగిలినది ఇంటికి చాలునను నమ్మిక ఉన్నది. వంట దినదినము ఉండును గనుక ఇది దినదినము జరుగు సాధకము. 1 తిమోతి 4:7లో వ్యాయామశాలనుండి తెచ్చిన ఆ మాటకు ఇంతకంటె సాదా రూపము ఏది? ఆ పిడికెడు ఇంకొకరి ఆకలికి పోవును. పట్టణ సంఘములలో నెలసరి కవరు వచ్చిన తరువాత ఇది తగ్గినది. కవరులో సొమ్ము ఎక్కువే గాని, నెలకొక్కసారి ఇచ్చు చేతికి దినదినము తెరచుకొను అభ్యాసము కలుగదు. ఉదయ ధ్యానము, వాక్యపఠనము మనము నేర్పుచున్నాము, మంచిదే. పొయ్యి దగ్గరి ఈ ధ్యానమును కూడ పాస్టర్ల ఇండ్లనుండి మొదలుపెట్టిన బాగుండును.

ఇక 4వ అధ్యాయము ప్రసంగించువారు 13వ వచనముతో ఆపకుండ 14వ వచనము కూడ చదువవలెను. తనకు కొదువ లేదని అంత గట్టిగా చెప్పిన పౌలు ‘అయినను’ అని త్రిప్పుచున్నాడు. తన శ్రమలో వారు పాలుపొందుట మంచి పనియని మెచ్చుకొనుచున్నాడు. సంతృప్తిగల ఖైదీకి కూడ ఎపఫ్రొదితు తెచ్చినది కావలసియుండెను. ఆయన దానిని సువాసనగల అర్పణమని పిలిచెను (4:18).