గీతలు పడ్డ సెకండ్ హ్యాండ్ అక్వేరియం కొనొచ్చా? డబ్బులిచ్చే ముందు ఇవి చెక్ చేయండి

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు ఏం చూడాలో మన రీడర్స్‌కి కొత్తగా చెప్పక్కర్లేదు. డిస్‌ప్లే మీద గీతలు, బ్యాటరీ హెల్త్, ఐఎంఈఐ నంబర్, బిల్లు. మరి సెకండ్ హ్యాండ్ అక్వేరియం అయితే? దానికి బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, సర్వీస్ సెంటర్ అసలే ఉండదు. పైగా ఫోన్ పాడైతే పోయేది ఫోన్ ఒక్కటే. అక్వేరియం పగిలితే చేపలు పోతాయి, ఇల్లంతా నీళ్లవుతాయి.

నా ముందున్న డీల్ ఇదీ. పెనుకొండలో ఎర్రమంచి వైపు అద్దెకుంటున్న ఒకాయన ఉద్యోగం మారి ఊరు వదిలి వెళ్తున్నాడు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకు. ఇనుప స్టాండు, ఎల్‌ఈడీ లైటు, ఫిల్టరు అన్నీ కలిపి 3,500 రూపాయలు. ఇదే సైజు కొత్తది హిందూపురంలో అడిగితే ట్యాంకు, స్టాండుకే 7,000 చెప్పారు. అంటే సగం ధర. కాకపోతే ముందు గాజు మీద గీతలున్నాయి. "నీళ్లు పోస్తే కనపడవులే అన్నా" అన్నాడాయన. మేముండేది పై పోర్షన్‌లో, కింద ఓనర్ వాళ్లు. కాబట్టి గీతలు కనపడతాయా లేదా అన్నది నాకు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: ఆ గీతల దగ్గర గాజు పగులుతుందా?

గీతలు ఎందుకు పడతాయి?

ఫోన్ రివ్యూల్లో మోస్ స్కేలు టెస్ట్ చూసే ఉంటారు. మామూలు గాజు గట్టిదనం ఆ స్కేలు మీద సుమారు 5.5. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం 7. జేబులో ఇసుక రేణువు ఫోన్ స్క్రీన్‌ని గీసినట్టే, మ్యాగ్నెట్ క్లీనర్‌కీ గాజుకీ మధ్య ఇరుక్కున్న ఒక్క రేణువు ట్యాంకును గీసేస్తుంది. అందుకే వాడిన ట్యాంకుల్లో గీతలు ఎక్కువగా లోపలివైపు, అడుగున ఇసుకకు దగ్గర్లో ఉంటాయి.

అయితే ఫోన్ గాజుకీ, అక్వేరియం గాజుకీ ఒక పెద్ద తేడా ఉంది. గొరిల్లా గ్లాస్ లాంటివాటిని వేడి పొటాషియం ఉప్పు ద్రావణంలో ముంచి పైపొరను బిగుతుగా మారుస్తారు. ఇళ్లలో వాడే ట్యాంకులు ఎక్కువగా మామూలు ఫ్లోట్ గ్లాస్‌తో చేసినవే. వాటికి ఆ రక్షణ ఉండదు.

లోపలి గీత వేరు, బయటి గీత వేరు

అసలు పాయింట్ ఇక్కడుంది. గ్లాస్ షాపులో అద్దం కోయడం ఎప్పుడైనా చూశారా? కట్టర్‌తో పైన సన్నటి గీత గీసి, ఆ గీత తెరుచుకునేలా వంచుతారు. టక్కున అక్కడే విరుగుతుంది. గాజు బలాన్ని తేల్చేది దాని మీదున్న చిన్న చిన్న లోపాలేనని బ్రిటన్ ఇంజనీర్ ఎ.ఎ. గ్రిఫిత్ 1921లోనే లెక్కలతో చూపించాడు. గీతను సాగదీసే శక్తి ఉంటేనే అది పగులుగా మారుతుంది. నొక్కే శక్తి ఉంటే మారదు.

నీళ్లు నింపిన ట్యాంకులో ముందు గాజు కొద్దిగా బయటికి ఉబ్బుతుంది. అప్పుడు పలక మధ్యభాగంలో బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. అంటే లోపలివైపు ఉన్న సన్న గీతలు చాలావరకు అందానికి సంబంధించిన సమస్యే. బయట, పలక మధ్యలో లోతైన గీత ఉంటే మాత్రం జాగ్రత్తపడాలి.

కనపడే విషయంలోనూ అంతే. కాంతి వంపు లెక్కలో గాజు విలువ దాదాపు 1.5, నీళ్లది 1.33, గాలిది 1. లోపలి గీతలోకి నీళ్లు చేరితే తేడా తగ్గి గీత మసకబారుతుంది. బయటి గీతలో ఎప్పుడూ గాలే ఉంటుంది కాబట్టి అలాగే మెరుస్తుంది. అంటే అమ్మేవాళ్లు చెప్పే "నీళ్లు పోస్తే కనపడవు" అనే మాట లోపలి గీతల వరకే నిజం. అవైనా లోతుగా ఉంటే వాటిల్లో పాచి పట్టి పచ్చగా తేలతాయి.

ఎంత ఒత్తిడి ఉంటుంది?

ఈ సైజు ట్యాంకులో నిండుగా 190 లీటర్ల నీళ్లు పడతాయి. ముందు గాజు ఒక్కదాని మీదే దాదాపు 90 కిలోల బరువంత తోపుడు ఉంటుంది. ఒత్తిడిని పెంచేది పొడవు కాదు, ఎత్తు. మందం కూడా ముఖ్యమే. 8 ఎం.ఎం. అని చెప్పి 6 ఎం.ఎం. గాజు ఉంటే అదే నీటికి గాజులో ఒత్తిడి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. పై అంచు మీద స్కేలు పెట్టి కొలవండి, నోటిమాట నమ్మొద్దు.

నేను చేసిన టెస్టులు

1. వెనిగర్: మన అనంతపురం వైపు బోరు నీళ్లు ఎండితే తెల్లటి చారలు పడతాయి. దూరం నుంచి అవీ గీతల్లాగే ఉంటాయి. ఖాళీ ట్యాంకులో వెనిగర్ గుడ్డతో తుడిస్తే సగం "గీతలు" పోయాయి. ఇంటికి తెచ్చాక నీళ్లతో బాగా కడగడం మరిచిపోవద్దు.

2. ఫోన్ ఫ్లాష్‌లైట్: గాజుకు దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. ప్రతి గీతా బయటపడుతుంది. ఈ ట్యాంకులో మిగిలినవన్నీ లోపలివైపే ఉన్నాయి.

3. గోరు: గీతకు అడ్డంగా గోరు లాగండి. తగలకపోతే పైపై గీత. గోరు ఆగితే లోతైనది. ఇక్కడ ఎక్కడా ఆగలేదు.

4. అంచులు: మూలల్లో పెచ్చు లేచినా, గీత చివర నుంచి సన్నటి పగులు పాకినా ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

5. సిలికాన్: నాకు అసలు సమస్య దొరికింది ఇక్కడే. కింద ఒక మూలలో లోపలి సిలికాన్ అంచు లేచి, దాని కిందికి పాచి చేరింది. రెండు గాజుల మధ్య ఉన్న సిలికాన్‌లో మాత్రం బుడగలు, తెల్ల చారలు లేవు. అక్కడ కూడా పాడై ఉంటే ట్యాంకు మొత్తం విప్పి మళ్లీ అతికించాల్సిందే.

అతుకుల సంగతి చిన్నది కాదు. 2022 డిసెంబర్ 16న బెర్లిన్ హోటల్‌లోని అక్వాడోమ్ తెల్లవారుజామున పగిలి 10 లక్షల లీటర్ల నీళ్లు బయటపడ్డాయి. సుమారు 1,500 చేపల్లో చాలావరకు చనిపోయాయి. అది గాజు కాదు, అక్రిలిక్. నిపుణులు ఒకే కారణమని తేల్చలేకపోయారు కానీ, వాళ్లు చెప్పిన అవకాశాల్లో జిగురు అతుకు వదలడం ఒకటి.

గీతలు పోగొట్టొచ్చా?

టూత్‌పేస్ట్‌తో పోవు. సీరియం ఆక్సైడ్ పొడి, డ్రిల్‌కి ఫెల్ట్ ప్యాడ్ పెట్టి గంటల తరబడి రుద్దితే సన్నవి పోతాయి. కానీ ఆ చోట గాజు కొద్దిగా పల్లమై, చేప వంకర టింకరగా కనిపిస్తుంది. అంతకన్నా తేలికైన మార్గం ట్యాంకును వెనక్కి తిప్పడం. గీతల వైపు గోడకు పెట్టి నల్ల షీటు అంటిస్తే సరి. ఖర్చు సున్నా.

ఫైనల్ వెర్డిక్ట్

నేను కొంటున్నా, కానీ 3,500కి కాదు. లేచిన సిలికాన్ చూపించి మాట్లాడితే 2,400కి ఒప్పుకున్నాడు. కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కి సరిగా అతుక్కోదు. అందుకే లోపలి అంచులన్నీ బ్లేడుతో పూర్తిగా గీకి, ఫంగస్ మందు కలపని సిలికాన్ వేసి, వారం ఆరనిస్తా. తర్వాత కింద వాకిట్లో చదునైన చోట, థర్మోకోల్ షీటు మీద పెట్టి 48 గంటలు నీళ్లు నింపి ఉంచుతా. ఒక్క చుక్క కారినా మెట్లెక్కించను. పైకి వెళ్లాక కూడా గది మధ్యలో కాదు, గోడ పక్కనే. గాజు, నీళ్లు, ఇసుక కలిపితే పావు టన్ను దగ్గరికి వస్తుంది మరి.

గీత లోపల ఉండి గోరుకు తగలకపోతే ధర తగ్గించమని అడిగి తీసుకోండి. బయట, పలక మధ్యలో గోరు ఆగేంత లోతుగా ఉంటే, లేదా అంచున పగులుంటే ఫ్రీగా ఇచ్చినా చేపలకు వాడొద్దు. గాజు మీద గీతలు చూసినంత శ్రద్ధగా మూలల్లో సిలికాన్ కూడా చూడండి. నీళ్లు కారడం సాధారణంగా మొదలయ్యేది అక్కడే.